టచింగ్ రేణుకమ్మ

గద్వాలలో దశరథం స్టూడియోకు ఫొటో దిగడానికి వచ్చిన ఆడవాళ్లు రసీదు అందుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగేవాళ్లు. కొందరు పైట చెంగుతో చెంప తుడుచుకున్నట్టు చేసేవాళ్లు. కొందరు ఊరికే వేలితో ముట్టుకుని చెయ్యి దించేవాళ్లు. నోరు తెరిచి ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. కిటికీ పక్కన కూర్చున్న రేణుకమ్మ అది చూసి తల ఊపేది. మాట అయిపోయినట్టే.

అమ్మవారు పోసి తగ్గిన మచ్చలు ఆ రోజుల్లో పది మొహాల్లో రెండింటి మీదైనా ఉండేవి. నెగెటివ్‌లో నీడ ఉన్నచోటల్లా తేటగా వస్తుంది గనక, చెంప మీది ప్రతి గుంటా అక్కడ సూదితో పొడిచినట్టు మెరిసేది. రేణుకమ్మ పని వాటిని పెన్సిలుతో పూడ్చడం. వాలుబల్లకు గరుకుటద్దం, దాని కింద కిటికీ వెలుగును పైకి తిప్పే ఇంకో అద్దం. నెగెటివ్ మీద ముందు టర్పెంటైన్ కలిపిన జిగురుపూత పల్చగా రుద్దాలి, లేకపోతే పెన్సిలు పట్టదు. పెన్సిలు మొన తుమ్మముల్లంత పొడుగ్గా, అంత సన్నగా ఉండాలి. గీత గీయకూడదు. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవాలి. స్టూడియోలో ఆ పనిని టచింగ్ అనేవాళ్లు.

దశరథానికి చెయ్యి వణకడం మొదలైనప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. డార్క్‌రూమ్‌లో పనిచేసే హన్మంతు కూతురు. “నీ బిడ్డ బియ్యంల ఒక్క బెడ్డ మిగలనియ్యదంట గదరా, తోల్కరా” అన్నాడు దశరథం. పని ఆర్నెల్లలో నేర్పాడు. దాంతోపాటు ఇంకోటి కూడా నేర్పాడు. “ఎవల మొఖంల ఏమున్నదో నాకు తెల్వాలె, నీకు తెల్వాలె. మూడో మనిషికి తెల్వొద్దు.”

ఇరవై ఎనిమిదేళ్లు ఆమె ఆ మాట తప్పలేదు. సంతలో ఎదురుపడినా, బస్సులో పక్కన కూర్చున్నా ఎవరితోనూ ఫొటో ఊసెత్తలేదు. కలర్ ల్యాబులు వచ్చాక టచింగ్ పోయింది, తర్వాత స్టూడియో మూతపడింది. దశరథం చనిపోయాక ఆయన ఇంటివాళ్లు నెగెటివ్ పెట్టెలన్నీ, టచింగ్ వాలుబల్లతో సహా, వనపర్తిలో నాగప్ప సారుకు ఇచ్చేశారు.

నాగప్ప రిటైరైన చరిత్ర లెక్చరర్. పాత కెమెరాలు, ఫొటోలు పోగేసి రెండు గదుల్లో మ్యూజియం పెట్టాడు. 2007లో ఒక స్కానర్ కొని, కంప్యూటర్ పనికి శ్రుతి అనే అమ్మాయిని పెట్టుకున్నాడు. అయితే దశరథం కవర్ల మీద నంబర్లు తప్ప పేర్లు లేవు, రిజిస్టర్లు చెదలు తినేశాయి. ఆ మొహాలు ఎవరివో చెప్పగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. అట్లా రేణుకమ్మ వారానికి మూడు రోజులు గద్వాల నుంచి పొద్దుటి బస్సులో వనపర్తి రావడం మొదలుపెట్టింది.

ఆమె నెగెటివ్‌ను వెలుగుకు పట్టి చెప్పేది. శ్రుతి టైపు చేసేది.

“రాజోలి. అంజమ్మ. ఈమెను ఈ ఊరికే ఇచ్చిన్రు, కాలేజీల అటెండరుకు. డెబ్బై నాలుగుల దిగింది.”

“నల్లగున్నది తెల్లగ, తెల్లగున్నది నల్లగ ఉంటే ఎట్ల గుర్తువడ్తవ్ పెద్దమ్మా? నాకు మా అమ్మను జూపెట్టినా తెల్వదు.”

“నేను ఈళ్లను గిట్లనే ఎక్కువ చూసిన బిడ్డా. బజార్ల కనవడ్తెనే జర పరేషాన్ అయితది.”

శ్రుతి పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఇంటి నుంచి రెండు డబ్బాలు తేవడం మొదలుపెట్టింది, ఒకటి రేణుకమ్మకు.

ఒక మంగళవారం రేణుకమ్మ వచ్చేసరికి శ్రుతి ఉత్సాహంగా ఉంది. “జూడు పెద్దమ్మా, నిన్న నువ్వు లేకున్నా పన్నెండు స్కాన్ జేసిన. ఎంత మురికున్నదో మొఖాల మీద! సారు మరక పోయేదాంక తుడువుమన్నడు గద, స్పిరిట్‌ల దూది ముంచి మొత్తం తుడిచిన.”

కంప్యూటర్ మీద రాజోలి అంజమ్మ ఉంది. రెండు చెంపల మీదా, నుదుటి మీదా, ముక్కు పక్కనా గుంటలు. ఒక్కటీ దాగలేదు.

రేణుకమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

“అది మురికి కాదు బిడ్డా” అంది. “నా పని.”

అర్థమవడానికి శ్రుతికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక దూది పారేసి ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడే నాగప్ప లోపలికి వచ్చాడు. సంగతి విన్నాడు, తెర దగ్గరికి వంగి చూశాడు. ఆయన మొహంలో కోపం రాలేదు. సంబరం కనిపించింది.

“అరే, ఇది అసలు మొఖం! మన దిక్కు అమ్మవారు ఎంతమందికి పోసిందో ఏ కాగితంల లేదు రేణుకమ్మా. ఇందుల ఉన్నది. పెన్సిల్ కింద దాగున్నది.” శ్రుతి వైపు తిరిగాడు. “ఏడువకు. మంచి పనే చేసినవ్. సోమారం నుంచి మిగతావి గూడ గిట్లనే తుడిచి స్కాన్ జెయ్యి.”

మిగతావి పదకొండు వందలు.

“వద్దు సార్” అంది రేణుకమ్మ. ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. “ఆళ్లు నన్ను నమ్మిన్రు.”

“ముప్పై ఏండ్లయింది. ఇప్పుడెవలకు పట్టింది?”

“పట్టిందో లేదో ఆళ్లను అడగాలె గద.”

నాగప్ప మొండివాడే గాని అన్యాయస్థుడు కాదు. ఆలోచించాడు. “ఈమె ఈ ఊర్లనే ఉన్నదన్నవ్ గద, అంజమ్మ. పిలువు. ఆమె వద్దంటే బందు. సరేనంటే నువ్వు అడ్డం రావొద్దు.”

రేణుకమ్మ ఒప్పుకుంది. ఏ ఆడమనిషి మాత్రం సరే అంటుంది? ఆ ధీమాతోనే మధ్యాహ్నం పోయి అంజమ్మను పిలుచుకొచ్చింది.

అంజమ్మ ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పాత ఫొటో ఒకటి వెంట తెచ్చింది. కార్డు సైజు, అంచులు పసుపెక్కాయి. అందులో చెంపలు నున్నగా ఉన్నాయి. తెర పక్కన పట్టుకుని అటూ ఇటూ చూసింది. శ్రుతి భయంతో గోడకు ఆనుకుని నిలబడింది.

“ఇది దిద్దింది నువ్వేనా అక్కా?” అని అడిగింది అంజమ్మ.

“నేనే.”

“ముప్పై మూడేండ్ల సంది నిన్ను ఒక్కసారన్న చూడాలె అనుకున్న.” అంజమ్మ కుర్చీ లాక్కుంది. “నీ పెన్సిల్ జేయవట్టి నేను పడ్డ మాటలు తెలుసా నీకు? మా అత్త పిల్లను జూడనీకె రాలే. ఫొటో జూసి సరే అన్నది. లగ్గంనాడు నా మొఖం జూసి, అందరి ముంగట, ‘ఫొటోల పిల్ల ఏదే? ఇంక రాలేదా?’ అన్నది.”

శ్రుతికి నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నవ్వు బిడ్డా, నవ్వు. గది ఒక్కరోజు గాదు. కూరల ఉప్పెక్కువైతే ‘ఫొటోల పిల్లయితే గిట్ల వండకపోతుండె.’ బిందె జారితే ‘ఫొటోల పిల్ల చేతిల పట్టు ఉంటుండె.’ ఇప్పుడు ఎనభై ఐదేండ్లు ముసల్దానికి, మంచంల ఉన్నది. నిన్న గూడ అడిగింది, ‘ఆ పిల్ల ఎప్పుడొస్తదే’ అని.”

రేణుకమ్మ చేతుల వైపు చూసుకుంది. పెన్సిలు ఆనుకున్న చోట చూపుడువేలు మీద కాయ ఇంకా గట్టిగానే ఉంది. తాను దిద్దిన మొహం వెనక ఇంత నడిచిందని ఆమెకు ఏనాడూ తోచలేదు. ఇట్లాంటి అత్తలు ఇంకెందరికి దొరికారో.

“తప్పయింది అంజమ్మా” అంది.

“తప్పని నేననలే.” అంజమ్మ ఫొటోను కొంగుతో తుడిచింది. “గీ ఫొటో లేకపోతే మా ఆయన రాజోలి దంక వస్తుండెనా? వచ్చిండు. ఎదురుంగ కూసొని నన్ను జూసిండు. చూసినంక గూడ చేసుకుంటనన్నడు. నేనడిగిన లగ్గమైనంక. ‘ఫొటో జూసి వచ్చిన, నిన్ను జూసి ఉన్న’ అన్నడు. మల్ల ఆ మాట ఎన్నడూ ఎత్తలే. ఉన్నంతకాలం మంచిగ చూసుకున్నడు.”

నాగప్ప గొంతు సవరించుకున్నాడు. “అయితే అమ్మా, నెగెటివులు తుడవొచ్చంటవా?”

“నాది తుడిచిన్రు గద. ఉండనియ్యిన్రి. నా మొఖమే గద అది.”

రేణుకమ్మ తల వంచుకుంది. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే.

“మిగిలినవి గూడ తుడుస్తం మరి” అన్నాడు నాగప్ప.

“ఆళ్లవి నేనెట్ల జెప్త సారూ?” అంజమ్మ ఆయన వైపు వింతగా చూసింది. “ఎవల అత్త ఎసొంటిదో, ఎవల మొగడు ఎసొంటోడో నాకేం తెలుసు? నాది అడిగితే నాది జెప్పిన.”

నాగప్ప ముప్పై ఏళ్లు పిల్లలకు సాక్ష్యం అంటే ఏమిటో చెప్పినవాడు. పదకొండు వందల మందికి ఒక్కరి సాక్ష్యం చాలదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చివరికి స్పిరిట్ సీసాకు మూత బిగించి అల్మారాలో పెట్టాడు. “ఎట్లున్నయో అట్లనే స్కాన్ జెయ్యి శ్రుతీ. పెన్సిల్ మీద చెయ్యి వెయ్యకు.”

అంజమ్మ తన కొత్త ఫొటోకు పెద్ద ప్రింటు అడిగి తీసుకుంది. “ముసల్దానికి చూపెడ్త. ‘ఫొటోల పిల్ల ఇగ రాదు, నాతోనే ఎళ్లదీసుకో’ అంట” అని నవ్వుకుంటూ పోయింది.

అంజమ్మది పోను, శ్రుతి తుడిచినవి ఇంకా పదకొండు ఉన్నాయి. వాటిని మళ్లీ దిద్దుతానంది రేణుకమ్మ. నాగప్ప అద్దాల అల్మారా తాళం తీసి, ప్రదర్శనకు పెట్టిన ఆమె వాలుబల్లనే బయటికి తీశాడు. కళ్లద్దాల మీద భూతద్దం పట్టుకుని ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. చెయ్యి మర్చిపోలేదు, కాస్త నెమ్మదించిందంతే.

శ్రుతి పట్టికలో ఒక కొత్త గడి చేర్చింది. “టచింగ్ చేసినవారు. నీ పేరు రాస్త పెద్దమ్మా.”

“వద్దు.”

“ఎందుకు? ఇంత పని జేసినవ్!”

“నా పేరున్న కాడల్లా మచ్చలున్నయని చాటిచెప్పినట్టే గద. ఇంతసేపు ఏం కొట్లాడినం మరి?”

శ్రుతి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. “అన్నిటికి రాస్తే? మచ్చలున్నా, లేకున్నా, మొగోళ్లయినా, పిల్లలయినా. అప్పుడు ఎవలవి దిద్దినవో ఎవలకు తెలుస్తది?”

“అది అబద్ధమైతది” అంది రేణుకమ్మ, నాగప్ప వైపు చూస్తూ. ఆయన అబద్ధం రాయనివ్వడు.

ఆయన కవర్లు సర్దుతున్నవాడల్లా ఆగాడు. “ప్రింటుకు పోయేముంగట ప్రతి నెగెటివ్ నీ బల్ల మీదికి వచ్చేదా లేదా?”

“వచ్చేది సార్. దుమ్ముచుక్కలుంటయి గద, పూడ్చాలె.”

“అన్నిట్ల పూడ్చినవా?”

“అన్నిట్ల.”

“రాయి శ్రుతీ.”

కీబోర్డు చప్పుడు మొదలైంది. రేణుకమ్మ మళ్లీ భూతద్దం అందుకుంది. ఆ సాయంత్రం బస్సు వేళకు రెండు మొహాలు పూర్తయ్యాయి. మూడో ఆమెకు గడ్డం దగ్గర చిన్న గుంట ఒకటి ఉంది. పెన్సిలు ఆనించబోయి ఆగి, భూతద్దం దగ్గరగా పట్టి చూసింది. అది మచ్చ కాదు, నవ్వితే పడే సొట్ట. అప్పుడు కూడా దాన్ని వదిలేసిన సంగతి గుర్తొచ్చింది. దాన్ని వదిలి, పక్కనున్న మచ్చ మీద చుక్క పెట్టింది.