శాలువాలు వద్దన్న నాగరాజు సార్

పోయిన ఆదివారం ధర్మవరంలో జరిగిన ప్రాంతీయ సదస్సుకు మా హిందూపురం సేవా క్లబ్బు నుంచి ఆరుగురం జీపులో వెళ్లొచ్చాం. అక్కడ ఏం నేర్చుకున్నామో ఒక్కొక్కరూ చెప్పాలని ఈ సాయంత్రం మీటింగు పెట్టారు. మొదట లేచిన ఇద్దరూ భోజనం దాటి ముందుకు పోలేదు. అక్కడ వడ్డించిన ఓళిగల, అదే బొబ్బట్ల రుచి ఇంకా వాళ్ల నాలుక మీదే ఉంది. తర్వాత రిటైరైన లెక్కల మాస్టారు నాగరాజు సార్ లేచారు.

"ఏమప్పా, దినమంతా శాలువాలు కప్పేదానికే సరిపాయ గదా! కంటి ఆపరేషన్ల గురించి చెప్పేకి అంత దూరం నుంచి వచ్చిన డాక్టరమ్మకు పది నిముషాలన్నా ఇయ్యలేదు. మన క్లబ్బులో ఇంగ ఈ శాలువాలు వద్దు. ఆ దుడ్లతో పెనుకొండలో ఒక కంటి క్యాంపు పెడదాం" అన్నారు.

హాలంతా చప్పట్లు. మా ప్రెసిడెంటుకైతే కళ్లు చెమర్చాయి. "ఇంత మంచి మాట చెప్పిన సార్‌ను ఊరికే పంపేదెట్లప్పా?" అంటూ బీరువా తెరిచి శాలువా తీశాడు. రెండో కొస పట్టుకున్నది నేనే.

సార్ కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, బుద్ధిగా మెడ వంచారు. కప్పడం అయ్యాక, కెమెరా పట్టుకున్న మా సెక్రటరీ వైపు తిరిగి, "ఫొటో బాగా పడిందాప్పా? లేకుంటే ఇంగోసారి కప్పమందాం" అన్నారు.

కంటి క్యాంపు సంగతి వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

మీ ఊళ్లో శాలువాను నిజంగా వద్దన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి. పిలిపించి సన్మానం చేస్తాం.