పెళ్ళికొడుకు వయసెంత?

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో, నాకు ఇంగ్లీషు వచ్చని కడపలో ఇద్దరే నమ్మేవాళ్ళు. ఒకరు మా అమ్మ, రెండో ఆయన టూరిస్టు కార్లు తిప్పే మా చిన్నాయన. (నేనెప్పుడూ నమ్మలేదు.) ఆ నమ్మకంతోనే చిన్నాయన ఒక పొద్దున కారు తాళాలు నా చేతిలో పెట్టి, "రేయ్, ఐరోపా నుంచి ఒక దొరసాని వచ్చినాది. సిద్ధవటం కోట చూపిచ్చి, అట్లనే బద్వేలు దిక్కు నాలుగు పల్లెలు తిప్పుకోని రా. యాడా మాట రాకూడదు" అన్నాడు.

ఆవిడ అరవై దాటిన రిటైర్డ్ టీచరమ్మ. చేటంత గడ్డిటోపీ పెట్టుకుని ఉండడంతో నా మనసులో టోపీ మేడం అయిపోయింది. కాశ్మీరు నుంచి రైళ్ళు ఎక్కుతూ దిగుతూ దేశమంతా చూసుకుంటూ మా దాకా వచ్చింది. వంద మైళ్ళకోసారి భాష మారిందట, కూర మారిందట, చీరకట్టు మారిందట. మారనిది పెళ్ళి ఊరేగింపొక్కటేనట. జైపూరులో పెళ్ళివాళ్ళే చెయ్యి పట్టి లాగితే గుర్రం ముందు గెంతిందట, అమృత్‌సర్‌లో చెప్పులు తెగేదాకా ఆడిందట. "మీ దేశంలో పిలవని పెళ్ళికి పోయినా ఎవరూ ఏమీ అనరు" అంది. "యస్ మేడం" అన్నాను. (అర్థమైనా, కాకపోయినా నా జవాబు అదే.)

కోట చూసుకుని బద్వేలు దారి పట్టాక, ఒక పల్లె మధ్యలో రోడ్డు నిండా జనం. తప్పెట్లు మోగిపోతున్నాయి, బంతిపూలు ఎగురుతున్నాయి, నడివయసు మగవాళ్ళు తువ్వాళ్ళు తిప్పుతూ చిందులేస్తున్నారు. వాళ్ళ వెనక నలుగురి భుజాల మీద పూలతో కట్టిన పల్లకి. నేను వేపచెట్టు కింద కారు పెట్టి వెనక్కి తిరిగేసరికి సీటు ఖాళీ. గడ్డిటోపీ ఒకటి జనం మధ్యలో ఎగిరెగిరి పడుతోంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే అది పెళ్ళి కాదు. మా వైపు నిండు బతుకు బతికి పోయినవాళ్ళను ఇలాగే ఆటపాటలతో సాగనంపుతారు. కొన్ని ఇళ్ళలో పడుకోబెట్టరు, పల్లకిలో కూర్చోబెట్టే తీసుకెళతారు. పల్లకిలోని పెద్దాయన అలాగే కూర్చుని ఉన్నాడు.

జనాన్ని తోసుకుంటూ పోయి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చెమటలు కక్కుతూ, నవ్వుతూ నా చెవిలో అరిచింది: "పెళ్ళికొడుకు వయసు కాస్త ఎక్కువ కదా! పాపం, అలసిపోయి నిద్రపోతున్నాడు. తలపాగా గడ్డం కిందికి కూడా కట్టారెందుకు?"

సరిగ్గా అప్పుడే తప్పెట్లు ఆగిపోయాయి. తలకు తెల్లగుడ్డ చుట్టుకున్న ఒక భారీ మనిషి మా ముందుకొచ్చాడు. పోయినాయన పెద్ద కొడుకు.

"ఎవురప్పా ఈమె? మా నాయనను ఎట్లెరుగు?"

"ఎరగదన్నా... పెండ్లనుకున్యాది. తెలీక ఎగిరింది" అన్నాను. ఆవిడ వైపు తిరిగి, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "మేడం, నో మ్యారేజ్. డెడ్" అన్నాను. జన్మలో మొదటిసారి నా ఇంగ్లీషు ఎదుటి మనిషికి ఒక్క దెబ్బకు అర్థమైంది. ఆవిడ పల్లకి వైపు చూసింది, టోపీ తీసేసింది, రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నచోటే రోడ్డు మీద కూలబడింది.

ఏదో ఒక వైపు నుంచి నాలుగు చేతులు నా కాలరు మీద పడతాయని మెడ సిద్ధంగా పెట్టుకున్నాను. అప్పుడు పక్కనే ఉన్న వాళ్ళింటి అరుగు మీద నుంచి ఒక ముసలి గొంతు వినపడింది. పోయినాయన భార్య.

"ఏమంటాండాడురా? పెండ్లనుకున్యాదంటనా?"

"అవును మా" అన్నాడు కొడుకు తలొంచుకుని.

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. "మా పెండ్లినాడు కరువు. తప్పెట కొట్టేటోళ్ళకు కూడు పెట్టే దిక్కు లేక మూగపెండ్లి చేసిరి. ఒక్కరూ ఎగరకపోయిరే అని బతికినన్నాళ్ళూ నన్ను ఆడిపోసుకున్యాడు మీ నాయన. ఈ పొద్దు దొరసానే వచ్చి ఎగిరె. ఇంగేం గావాల? కొట్టమనండిరా."

కొడుకు మొహం తిప్పుకుని చెయ్యి ఊపాడు. తప్పెట్లు ముందుకన్నా గట్టిగా మోగాయి. టోపీ మేడం మళ్ళీ ఆడలేదు. తడబడుతూ లేచి వెళ్ళి అవ్వ పక్కన అరుగు మీద కూర్చుంది. అవ్వ ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. పల్లకి మలుపు తిరిగేదాకా ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు. వాళ్ళకు నా ఇంగ్లీషుతో ఏ పనీ పడలేదు.

ఎవరో మజ్జిగ తెచ్చిచ్చారు. నా చేతిలో గ్లాసు టకటకా కొట్టుకుంటుంటే అవ్వ నా వైపు చూసి, "నువ్వేందిరా అట్ల వణుకుతాండావు? సచ్చినోడే నీకన్నా నిమ్మళంగా కూచున్యాడు" అంది. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఫక్కుమన్నారు.

ఆ వణికే కుర్రవాణ్ణి ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, "తాగురా, ఎవరూ కొట్టరు" అని చెప్పాలనిపిస్తుంది.