కాలవ పక్క చేను

ఈ ఉదయం ఏడూ పదికి రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే రైలు భట్టిప్రోలులో ఆగింది. కిటికీలోంచి తడిసిన వరిగడ్డి వాసన వచ్చింది. ఖాజా మావయ్య పోయి నలభై రోజులు. ఆయన ఇంటికే వెళ్తున్నాను. ఆ వాసనకు నాకు ఆయన ముఖం కంటే ముందు ఆయన పాదాలు గుర్తొచ్చాయి. కోసిన చేలో ఆయన చెప్పులు విడిచి నడిచేవారు.

తెనాలిలో ఆయన మా పక్కింటాయన. పొలాలు కొలవడం ఆయన పని. నేను లెక్కల్లో డిగ్రీ పూర్తిచేసి, ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసనుకుంటున్న రోజులవి. బాబాయి పోయాక అమృతలూరులోని రెండు చేలు నాన్నకూ పిన్నికీ పంచాల్సి వచ్చింది. ఒకటి రోడ్డు పక్కది, రెండోది కాలవ పక్కది. వరి పొట్ట మీదుంది, కంకి ఇంకా బయటికి రాలేదు. అప్పుడు మా వైపు ఎవరూ చేలో కాలు పెట్టరు. అందుకని టేపు పట్టుకుని గట్ల మీదే తిరిగాను. రెండు చేలకూ నాలుగు గట్లూ ఒకే పొడవు వచ్చాయి. రెండూ సమానమే అని చెప్పాను. పిన్ని నా మాట నమ్మి కాలవ పక్కది తీసుకుంటానంది. ఆ వారమే రిజిస్ట్రేషన్.

సంగతి విని మావయ్య మా ఇంటికొచ్చి, మూల నుంచి మూలకు కొలిచావా అని నన్నడిగారు. లేదన్నాను. నాన్న నవ్వారు.

"గట్లు నాలుగూ సమానమయ్యాక ఇంకేం కొలుస్తారండీ?"

మావయ్య చీపురులోంచి నాలుగు ఈనెలు లాగి, ఒకే పొడవుకు విరిచి, చివరలు దారంతో కట్టారు. చతురస్రం అయింది. ఒక మూలను వేలితో నెట్టారు. అది వాలింది. ఇంకా నెట్టారు. రెండు మూలలు సన్నబడ్డాయి, మిగతా రెండూ విచ్చుకున్నాయి. చివరికి ఈనెలు ఒకదానికొకటి ఆనుకుపోయాయి.

"గట్లు ఇప్పటికీ సమానమే బావగారూ. ఇందులో వరి ఎక్కడ నాటిస్తారు?"

సమచతుర్భుజంలో ఎదురెదురు కోణాలు సమానమనీ, పక్కపక్క కోణాలు కలిపితే రెండు లంబకోణాలనీ పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాను. అది ఒక చేను కూడా కావచ్చని నాకు తోచలేదు.

కోత అయ్యేదాకా రిజిస్ట్రేషన్ ఆగింది. రోడ్డు పక్క చేలో మూల నుంచి మూలకు లాగిన తాళ్ళు రెండూ సమానంగా వచ్చాయి. తర్వాత కాలవ పక్క చేలో లాగాం. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండూ సరిగ్గా మధ్యలో కలిశాయి. అక్కడ మూలమట్టం పెట్టి చూస్తే లంబకోణం. పుస్తకంలో ఉన్నదే అయినా, కింద మట్టిలో కనబడితే వంగి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ రెండు పొడవులను గుణించి సగం చేస్తే వైశాల్యం. రోడ్డు పక్క దానికంటే కాలవ పక్క చేను బాగా తక్కువొచ్చింది.

నాన్నకు మీరే చెప్పండి మావయ్యా అన్నాను. ఆయన తాడు చుట్టడం ఆపలేదు.

"సమానమని చెప్పింది నువ్వమ్మా. కాదనీ నువ్వే చెప్పాలి. పిన్ని ముందే చెప్పు."

చెప్పాను. పిన్ని నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నాకు కష్టంగా ఉండింది. తర్వాత రోడ్డు పక్క చేలో ఒక ముక్క ఆమెకు కలిపారు.

ఇప్పుడు రేపల్లెలో లెక్కలు చెబుతున్నాను. రెండు సమానమని ఎవరైనా రాస్తే, ఏది కొలవకుండా వదిలేశారో అడుగుతాను. బోర్డు మీద నేను తప్పు చేస్తే, ఆ తరగతికే మళ్ళీ వెళ్ళి చెబుతాను. పొలాలు కొలవడానికి ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. మా వైపు చేలో దిగి మూల నుంచి మూలకు ఎవరూ తాడు లాగడం లేదు.