ఫ్యాన్లు తిరగని గ్రాఫిక్స్ కార్డు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఇలాంటివి రాసేవాళ్లంతా ముందు ఈ మాటే అంటారనీ, నాలుగు పేజీలు తిరిగేసరికి తెల్లచీర కట్టుకున్న ఒకావిడను తెచ్చి నిలబెడతారనీ నాకు తెలుసు. వాళ్లంటే నాకు ఒళ్లుమంట. నేను చెప్పేదాంట్లో చీరా లేదు, అర్ధరాత్రీ లేదు. ఎమ్మిగనూరులో, మిట్టమధ్యాహ్నం, ఒక కంప్యూటర్ ముందు జరిగిన సంగతి ఇది.

ఆదోనిలో నాకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. మిషను చెడిందంటే దానికో కారణం ఉంటుంది. మా ఊళ్లో చాలావరకు ఆ కారణం దూది. పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లుల నుంచి ఎగిరే నూగు ఇళ్లలోకి వచ్చి, ఫ్యాన్లలో దూరి, లోపల చిన్న పరుపు తయారవుతుంది. దూది కాకపోతే మనుషులు. ఆయుధపూజ నాడు కంప్యూటర్‌కు కుంకుమ బొట్లు పెట్టి, గాలాడే సందుల్లో విభూది చల్లి, సాంబ్రాణి పొగ పట్టి, వారం తిరక్కుండానే "ఎందుకో ఆగిపోతాందన్నా" అని మోసుకొస్తారు. లోపల బల్లి కాపురం పెట్టినా వీళ్లకు తెలియదు. ఉన్న కారణం చెబితే ముఖం మాడ్చుకుంటారు. దిష్టి తగిలిందంటే మాత్రం సంతోషంగా ఇంటికి పోతారు.

వీరేశ్ కూడా అలాంటి ఇంటి నుంచే వచ్చాడు. ఎమ్మిగనూరు మగ్గాల వీధివాడు, పాతికేళ్ల లోపు ఉంటాడు. ఎవరో వాడి వదిలేసిన భాగాలు పోగుచేసి ఆటల కోసం కట్టుకున్న కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని షాపుకు తెచ్చాడు. ఆట మొదలుపెట్టిన కాసేపటికే గ్రాఫిక్స్ కార్డు కాలిపోయేంత వేడెక్కి, మొత్తం ఆగిపోతోందన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. గ్రాఫిక్స్ కార్డంటే తెర మీద బొమ్మను గీసే భాగం. దాని మీద దానికంటూ రెండు చిన్న ఫ్యాన్లుంటాయి. వేడి వంద డిగ్రీల దగ్గరికి పోతే అది మాడిపోకుండా కంప్యూటరే ఆగిపోతుంది. ఇందులో మంత్రమేమీ లేదు.

విప్పి చూస్తే ఒక ఫ్యాను ఇరుసుకు నల్లదారం చుట్టుకుని ఉంది. తాయెత్తు. వెనకవైపు ఎండిపోయిన నిమ్మకాయ వేలాడుతోంది. అది పక్కింటామె సలహాట. డబ్బా పక్కనుండే అద్దం పలక మీద పసుపు. ఇన్ని రక్షణలు కలిసి ఒక కంప్యూటర్‌కు ఊపిరాడకుండా చేయడం నేనెప్పుడూ చూడలేదు. అన్నీ పీకి పారేశాను. దూది ఊడ్చాను, వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు పాతది గీకి కొత్తది పూశాను. షాపులో సగం రోజు నడిపితే బుద్ధిగా నడిచింది. ఇంటికి తీసుకుపోయాక మళ్లీ ఆగిపోయింది. మళ్లీ తెచ్చాడు, మళ్లీ నా దగ్గర నడిచింది, మళ్లీ ఇంట్లో ఆగింది. ఆ ఇంట్లో నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే పాత మగ్గం గుంతను సరిగ్గా శాంతి చేయకుండా పూడ్చేశారనీ, అందుకే ఇలా అవుతోందనీ వీధిలో ఎవరో కనిపెట్టారట. అది వినగానే నాకు మండింది. షాపు మూసి నేనే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

కారణం గడపలోనే కనిపించింది. రేకుల గది. బయట నిప్పులు చెరిగే ఎండ. పక్కిళ్లలో మగ్గాలు, కాబట్టి ఇక్కడా నూగే. కంప్యూటర్‌ను గోడకు ఆనించి, దుమ్ము పడకూడదని పైన మందపాటి దుప్పటి కప్పారు. మగ్గం గుంత మీద నేరం మోపిన మేధావికి ఈ దుప్పటి కనిపించలేదు.

దాని పక్కనే నులకమంచం మీద వీరేశ్ అవ్వ కూర్చుని ఉంది. వాళ్ల నాయన ఈరన్నను కన్నతల్లి, పేరు నరసమ్మ. చీర అంచు కుట్టిన తాటాకు విసనకర్రతో, దుప్పటి ఒక అంచు పైకెత్తి, తెరిచి ఉన్న పక్కనుంచి కంప్యూటర్‌కు గాలి విసురుతోంది.

నాకు నవ్వు ఆగలేదు. "అవ్వా, అది మిషను. దానికి చెమట పట్టదు" అన్నాను.

"పట్టకపోతే పట్టకపోనీప్పా. కాలుతాంది గదా. కాలేదానికి విసరాల" అంది, చేయి ఆపకుండానే.

తెర మూలన వేడి ఎంతుందో చూపే అంకె పెట్టి ఆట నడిపించాను. తొంభై దాటిన అంకె ఆమె విసిరే కొద్దీ నాలుగైదు దిగింది. ఆమె అలిసి చేయి మార్చుకునేసరికి ఒకటి రెండు ఎక్కింది, మళ్లీ దిగింది. ఇందులోనూ వింతేమీ లేదు. అట్టముక్కతో విసిరినా దిగుతుంది. టేబుల్ ఫ్యాన్ పెడితే ఇంకా దిగుతుందని చెప్పి, ముసలామెను పడుకోమన్నాను. ఆమె నన్ను పట్టించుకోలేదు.

ఈరన్న గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయనకు ఆ కంప్యూటరంటే నాకన్నా చిరాకు.

"ఎద్దు మాదిరి ఎదిగినోడు తుపాకుల ఆట ఆడతాడు. ముసలామె దానికి గాలి విసుర్తాది. నా ఇల్లు సర్కస్ అయిపోయిందప్పా" అన్నాడు.

అసలు సంగతి ఆయనే చెప్పాడు. ఆ ఆటకు పెద్ద పోటీ ఒకటి జరుగుతోంది. బెంగళూరులో జీతమిచ్చి ఆడించే జట్టువాళ్లు వీరేశ్‌ను గమనిస్తున్నారు. ఆఖరి ఆటలో నిలబడితే తీసుకుంటారు. లేకపోతే ఆ మర్నాడే ఆదోనిలో జిన్నింగ్ మిల్లు పనికి పోవాలని తండ్రి తేల్చేశాడు. మేస్త్రీతో మాట్లాడేశాడు కూడా. ఆట మధ్యలో కంప్యూటర్ ఆగితే వీరేశ్ బతుకు మిల్లులో దూది మోయడమే.

నిజం చెప్పాలంటే నాకూ ఆ ఆట మీద గౌరవం లేదు. కూర్చుని ఉత్తుత్తి తుపాకీ కాల్చినందుకు జీతమిస్తారంటే, ఇచ్చేవాడికి మతి లేదనుకున్నాను. కానీ కార్డు నా చేతిలో పడింది. దుప్పటి తీయించి, కంప్యూటర్‌ను గోడకు దూరంగా జరిపి, కార్డుకు పని తగ్గేలా ఆట సెట్టింగులన్నీ అడుగుకు దించేశాను. కార్డు ఫ్యాన్లు అరిగిపోయాయి, కొత్తవి తెప్పిస్తానన్నాను. తెప్పించాను కూడా. పంపినవాడు వేరే సైజువి పంపాడు, పాతవే ఉండిపోయాయి. వాడి తెలివి గురించి రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి.

ఈలోపు అవ్వ చనిపోయింది. పొద్దున కాఫీ తాగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. వాళ్లలో పూడ్చిపెడతారు. ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది కదా అని విసనకర్రను కూడా ఆమెతోపాటే పెట్టేశామని వీరేశ్ ఫోన్‌లో చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. కంప్యూటర్ మీద మళ్లీ దుప్పటి కప్పలేదు కదా అని అడిగి ఫోన్ పెట్టేశాను.

ఆఖరి ఆట రోజు నువ్వు పక్కనుండాలన్నా అని వీరేశ్ ప్రాణం తీశాడు. రేపు కార్డు ఆగితే నేను సరిగ్గా చేయలేదంటారు, ఆ మాట నేను పడలేను. అందుకే వెళ్లాను.

మంచం తీసేశారు. అది ఉన్నచోట ఖాళీగా ఉంది. కంప్యూటర్ పక్క పలక విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఇన్వర్టర్ చిన్నది కాబట్టి దానికి కంప్యూటర్‌ను, ఇంటర్నెట్ డబ్బాను మాత్రమే కలిపాను. చప్పుడు లోపలికి రాకుండా తలుపు వేశాం. ఈరన్న లోపలే గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన వచ్చింది ఆట చూడడానికి కాదు, ఆ బాగోతం ఎలా ముగుస్తుందో చూడడానికి. అక్కణ్నుంచి ఆయనకు తెర వెనకభాగమే కనిపిస్తుంది.

ఆట సగంలో ఉండగా కరెంటు పోయింది.

టేబుల్ ఫ్యాన్ ఆగింది, పైన ఫ్యాన్ ఆగింది. కంప్యూటర్ నడుస్తూనే ఉంది. వీరేశ్ చెవులకు హెడ్‌ఫోన్ ఉంది, తల తిప్పలేదు. మూలన అంకె ఎనభై ఆరు, తొంభై, తొంభై నాలుగు. ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. కార్డు మీది రెండు ఫ్యాన్లూ ఆగిపోయి ఉన్నాయి. వేలితో తోశాను. బిగుసుకుపోయాయి, కదల్లేదు. తొంభై ఏడు. ఇంకో నిమిషంలో వీరేశ్ పని అయిపోయినట్టే అనుకున్నాను. ఏమీ తోచక, విసరడానికని కింద పడున్న అట్టముక్క అందుకున్నాను.

అట్ట చేతిలోకి వచ్చేలోపే అంకె దిగడం మొదలైంది. తొంభై అయిదు, తొంభై ఒకటి, ఎనభై నాలుగు. డెబ్బై దగ్గర నిలబడింది. నేను అట్టను కదిలించలేదు. కిటికీ లేని గది, తలుపు వేసి ఉంది. కార్డుకు దగ్గరగా అరచేయి పెట్టి చూశాను. గాలి తగల్లేదు. ఫ్యాన్లు ఆగినవి ఆగినట్టే ఉన్నాయి. అంకె మాత్రం నాలుగు దిగుతుంది, కాసేపు ఆగుతుంది, ఒకటి రెండు ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. ఇలా కదలడం నేను ముందు ఒకసారి చూశాను. ఎప్పుడు చూశానో గుర్తొచ్చాక మెడ మీద వెంట్రుకలు లేచాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

అంకె చూపే ప్రోగ్రామే తప్పు చూపిందంటారేమో. నేనూ అదే అనుకున్నాను. తర్వాత అదే కార్డును షాపుకు తెచ్చి, అవే బిగుసుకున్న ఫ్యాన్లతో, అదే ఆటను ఏసీ వేసి మరీ నడిపాను. ఎన్నిసార్లు నడిపినా కాసేపట్లోనే ఆగిపోయింది. ఒక్కసారి కూడా డెబ్బై దగ్గర నిలబడలేదు. చదువుకున్న స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఏవేవో కారణాలు చెప్పారు. వాళ్లు చెప్పినవన్నీ చేసి చూశాను. చెప్పడం తప్ప వాళ్లకూ ఏమీ తెలియదని తేలింది.

ఆ మధ్యాహ్నం ఆట ముగిసేదాకా కరెంటు రాలేదు. వీరేశ్ హెడ్‌ఫోన్ తీసి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "గెలిచినాం నాయనా. రమ్మంటాండారు" అన్నాడు. తెర మీద ఆట చివరి బొమ్మ ఇంకా నడుస్తూనే ఉంది. నేను అంకె నుంచి చూపు తిప్పలేదు. దాని గురించి నేను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఈరన్నకు తెర కనిపించదు, కనిపించినా ఆ అంకె ఏమిటో ఆయనకు తెలియదు.

ఈరన్న కొడుకు వైపు చూడలేదు. లేచి, మంచం ఉండిన చోటికి వచ్చి, పడుకున్న మనిషితో మాట్లాడినట్టు కొంచెం వంగాడు.

"గెలిచినాడు లేమ్మా. ఇంక సాలు. సేయి నొప్పి పుడతాది" అన్నాడు.

అంకె డెబ్బై ఒకటి ఉంది. ఎనభై అయింది. తొంభై అయింది. నేను లెక్కపెట్టేలోపే తెర నల్లబడి కంప్యూటర్ ఆగిపోయింది. కార్డు మీద వేలు పెడితే చురుక్కున కాలింది.

వీరేశ్ ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. కార్డుకు కొత్త ఫ్యాన్లు వేశాను, మామూలుగానే నడుస్తోంది. ఈరన్నను నేనేమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. కారణం ఏదో ఉంటుంది, నాకు దొరకలేదు, అంతే. ఈ సంగతి విన్నవాళ్లు మాత్రం కళ్లు పెద్దవి చేసి "అయితే ఆ ఇంట్లో దయ్యం ఉందన్నమాట" అంటారు. అలా అన్నవాళ్లను నేను షాపులోంచి పంపించేస్తాను. ఆ రోజు ఆ గదిలో దయ్యం అనే మాట ఎవరూ అనలేదు. ఈరన్న అమ్మా అన్నాడు.