గోపీచంద్ పేరు మీద ఇచ్చిన నెత్తురు

నరసరావుపేటలో గోపాలకృష్ణయ్య పురుగుమందుల కొట్టుకి వచ్చే రైతు నోరు తెరవనక్కర్లేదు. చేతిలో ఒక ఆకు ఉంటే చాలు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆ ఆకుని వెలుతురుకి పట్టి, తిప్పి చూసి, తీర్పు చెబుతున్న జడ్జిగారి గొంతుతో తెగులు పేరు ప్రకటిస్తాడు. మిరపాకు ముడుచుకుని ఉంటే ఆ గొంతు ఇంకా బరువెక్కుతుంది. అది వైరస్సని, మొక్క పీకి తగలబెట్టమని, ఎవరికీ చెప్పకుండా దాచిపెడితే పక్క చేనుకి పాకుతుందని చెబుతాడు. ముప్పై నాలుగేళ్లుగా పల్నాడులో సగం మిరప తోటలు ఆ మాట మీదే నడుస్తున్నాయని ఆయన నమ్మకం. రైతుల్లో కొందరు కూడా నమ్మేవారు.

అలాంటి మనిషి తన ఒంట్లో ఉన్న వైరస్‌ని పన్నెండేళ్లు దాచాడు.

అది బయటపడిన తీరు కూడా ఆయన హోదాకి తగ్గట్టే ఉంది. పురుగుమందుల వర్తకుల సంఘం అధ్యక్షుడి హోదాలో రక్తదాన శిబిరం పెట్టించి, రిబ్బన్ కత్తిరించి, మొదటి మంచం మీద తనే పడుకున్నాడు. వారం తిరక్కుండా బ్లడ్ బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. మీ రక్తం వాడలేమన్నారు. హెపటైటిస్ బి అట. ఎవరికీ చెప్పకుండా గుంటూరు వెళ్లి చూపించుకుంటే అక్కడి డాక్టరు మూడు ముక్కలు చెప్పాడు. లివర్‌లో వైరస్ ఉంది, ప్రస్తుతానికి నిద్రలో ఉంది. ఆర్నెల్లకోసారి పరీక్షకి రావాలి. ఇంట్లో వాళ్లకి కూడా పరీక్ష చేయించాలి. గోపాలకృష్ణయ్య ఇందులో తనకి నచ్చిన ముక్క ఒక్కటే పట్టుకుని బస్సెక్కాడు: నిద్రలో ఉంది.

ఈ జబ్బు ఏనాటి ఆరెంపీ సూది నుంచో, ఏ మంగలి కత్తి నుంచో వచ్చి ఉండొచ్చని ఆ డాక్టరు చెప్పాడు. కానీ పేటలో లివర్ జబ్బంటే జనానికి తెలిసిన కారణాలు రెండే. ఒకటి సారా, రెండోది చెప్పకూడనిది. ఆయన జన్మలో గ్లాసు ముట్టలేదు. రెండోదానికి తీరికా ధైర్యమూ లేవు. చెయ్యని పాపానికి పేరు మోయడం కన్నా నోరు మూసుకోవడం మేలనుకున్నాడు.

శిబిరం మాత్రం ఆపలేదు. ఏటా మంచం మీద పడుకుని, చొక్కా చెయ్యి మడిచి, మోచేతి మడత దగ్గర దూది పెట్టి టేపు అంటించుకుని, ఎర్ర బంతి గట్టిగా నొక్కుతూ ఫొటో దిగేవాడు. సూది తప్ప అన్నీ ఉండేవి. అలాంటి ఫొటోలు పదకొండు ఫ్రేములు కట్టించి కొట్లో గోడకి తగిలించాడు.

మొన్న ఎండాకాలం చివర్లో మెడ దగ్గర గడ్డ తేలింది. ముక్క తీసి పరీక్షకి పంపితే లింఫోమా అని వచ్చింది. అదొక రకం క్యాన్సర్. ఎదురుగా హోటల్ నడిపే గోపీచంద్ తన కారులో ఆయన్నీ భార్య నాగేంద్రమ్మనీ గుంటూరు తీసుకెళ్లాడు. ఇరవై ఏళ్లుగా గోపీచంద్ హోటల్లో ఇడ్లీ తిననిదే గోపాలకృష్ణయ్య కొట్టు తాళం తీయడు. ఇద్దరిదీ ఒకే కులం, వరసకి బావా బావమరుదులు.

క్యాన్సర్ డాక్టరు నీలిమ ఇది నయమయ్యే రకమేనని ధైర్యం చెప్పి, కాగితం మీదికి వంగి, ఇదివరకు కామెర్లు గానీ లివర్ జబ్బు గానీ ఉన్నాయా అని అడిగింది. గోపాలకృష్ణయ్యకి కుడి పక్కన నాగేంద్రమ్మ, ఎడమ పక్కన గోపీచంద్.

"అట్టాంటివేం లేవమ్మా," అన్నాడు.

"ఏటా రక్తం ఇస్తాడమ్మా ఈయన," అంది నాగేంద్రమ్మ గర్వంగా. "పేపర్లో కూడా వేస్తారు."

డాక్టరమ్మ మెచ్చుకుంది. అయినా లివర్ పరీక్షలు తప్పవంది. హెపటైటిస్ బి ఉన్న మనిషికి తెలియక క్యాన్సర్‌కిచ్చే ఈ కీమో మందు ఎక్కిస్తే నిద్రపోతున్న వైరస్ లేస్తుందని, లివర్ పాడై క్యాన్సర్ కన్నా ముందు అదే మనిషిని తీసుకుపోవచ్చని, ఉందని ముందే తెలిస్తే మాత్రం రోజుకో మాత్రతో అణిచిపెట్టి వైద్యం చెయ్యొచ్చని విడమరిచి చెప్పింది. రిపోర్టు చూడందే మొదటి సెలైన్ కూడా పెట్టనంది. పేటలోనే చేయించి తెస్తానని చీటీ జేబులో పెట్టుకున్నాడు.

పేటలో ప్రతి ల్యాబులోనూ ఆయన్ని ఎరిగినవాళ్లే. అంచేత ఒక మహా పథకం వేశాడు. వేరే ఊళ్లో, వేరే పేరు మీద ముందొకసారి పరీక్ష చేయించుకోవాలి. పన్నెండేళ్లయింది కదా, ఆ వైరస్ విసుగెత్తి తనంతట తనే వెళ్లిపోయి ఉంటే సొంత పేరు మీద దర్జాగా మళ్లీ చేయించుకోవచ్చు. డీలర్ల మీటింగని ఇంట్లో చెప్పి వినుకొండ బస్సెక్కాడు.

పథకంలో అన్నీ ఉన్నాయి, పేరొక్కటే లేదు. ల్యాబ్ నడిపే అన్సార్ పెన్ను పట్టుకుని పేరడిగేసరికి గోపాలకృష్ణయ్య బుర్ర ఖాళీ అయింది. కడుపులో మాత్రం పొద్దున తిన్న ఇడ్లీ ఉంది.

"గోపీచంద్," అన్నాడు.

ఏం చేస్తారంటే హోటలన్నాడు. ఫోను నంబరడిగితే, రోజుకి మూడుసార్లు టీకి ఫోన్ చేసి చేసి నోటికొచ్చేసిన నంబరు గడగడా చెప్పాడు. రేపొచ్చి రిపోర్టు తీసుకుంటానన్నాడు. ఈ కాలంలో రిపోర్టు మనిషి కోసం ఆగదని, దానంతటదే ఫోనులోకి నడిచి వెళ్తుందని ఆయనకి తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే హోటల్ కిటకిటలాడుతున్న వేళ గోపీచంద్ తన ఫోనులోకి ఏదో ఇంగ్లీషు కాగితం వచ్చిందని చూసి, కౌంటరు దగ్గరున్న కాలేజీ లెక్చరర్ సుధీర్ బాబు చేతికిచ్చి చదివి పెట్టమన్నాడు. ఇరవై ఏళ్లు వెనక బెంచీకి వినపడేలా చదివిన గొంతు ఆయనది. "గోపీచంద్. హోటల్. హెపటైటిస్ బి, పాజిటివ్," అని చదివాడు. వెనక టేబుల్ దాకా వినపడింది. ఒకరిద్దరు చట్నీ గిన్నె మెల్లగా పక్కకి జరిపారు.

అప్పుడే లోపలికి అడుగుపెట్టిన గోపాలకృష్ణయ్య అంతా విన్నాడు. చెప్పాల్సిన క్షణం అదేనని ఆయనకి తెలుసు. ఇడ్లీ పార్సిల్ కట్టించుకుని బయటికొచ్చాడు.

ఆ జబ్బు ఇడ్లీలో రాదని, నెత్తుటి ద్వారానో కాపురం ద్వారానో తప్ప అంటదని చెప్పేవాళ్లు ఊళ్లో లేకపోలేదు. వాళ్లు కూడా పక్క వీధిలో తినడం మొదలుపెట్టారు. గోపీచంద్ తనంతట తను పరీక్ష చేయించుకుని, ఏమీ లేదన్న రిపోర్టుని లామినేషన్ చేయించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించాడు. అది డబ్బులిచ్చి రాయించిందన్నారు. ఐదు రోజుల్లో గ్రైండర్ మోత ఆగిపోయింది. తన చీటీకి మాత్రం ఇంకా రిపోర్టు రాలేదని గోపాలకృష్ణయ్య ఇంట్లో చెబుతూనే ఉన్నాడు. ఎదురుగా ఖాళీ బల్లలు కనిపించకుండా కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు. అటు తిరిగితే పదకొండు ఫొటోలు.

ఆరో రోజు గోపీచంద్ కొట్టుకొచ్చాడు. "బావా, నా పేరు పెట్టి ఎవడో ఈ పని చేశాడు. వినుకొండ పోయి ఆ ల్యాబువోణ్ణి నిలదీద్దాం. పెద్దమనిషివి, నువ్వొస్తే వాడు నిజం చెప్తాడు."

పెద్దమనిషి కారెక్కాడు. సంతగుడిపాడు దాటాక చెబుదామనుకున్నాడు. దాటింది. వినుకొండ కొండ కనిపించాక చెబుదామనుకున్నాడు. కొండ కనిపించింది, దగ్గరికి కూడా వచ్చింది. దారి పొడుగునా గోపీచంద్ ఆయన మెడ మీద గడ్డ నొప్పెడుతోందా అని అడుగుతూ, గుంతలొచ్చినప్పుడల్లా కారు నెమ్మది చేస్తున్నాడు. ఆ నెమ్మది చేసిన ప్రతిసారీ గోపాలకృష్ణయ్య నోట్లో మాట గొంతులోకి దిగిపోయింది.

ల్యాబులో అన్సార్ తలెత్తి ఆయన్ని చూసి చెయ్యి ఊపాడు. "రండి గోపీచంద్ గారూ. రిపోర్టు కాగితం తీసుకుపోలేదే మీరు?"

అసలు గోపీచంద్ అన్సార్‌ని చూశాడు, బావని చూశాడు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. గోపాలకృష్ణయ్య నిలబడే మొత్తం చెప్పాడు. బ్లడ్ బ్యాంకు ఫోను, సూది లేని ఫొటోలు, డాక్టరమ్మకి చెప్పిన అబద్ధం, అన్నీ. తీర్పు చెప్పే గొంతు ఎటో పోయింది. అన్సార్ మర్యాద కొద్దీ మిషన్ వైపు తిరిగి, తుడిచిన దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఆ ఆకులు చూసి చెప్తావే," అన్నాడు గోపీచంద్ చివరికి, "దాచావంటే పక్క చేనుకి పాకుద్దని."

"అవున్రా."

"నేను గాబట్టి హోటల్‌తో పోయింది. మరి మా అక్కయ్యకి చూపించావా?"

గోపాలకృష్ణయ్య తల అడ్డంగా ఊపాడు. పన్నెండేళ్లుగా ఒకే మంచం. ఇంట్లో వాళ్లకి పరీక్ష చేయించమన్న ముక్కని ఆయన గుంటూరు బస్టాండులోనే వదిలేసి వచ్చాడు. వదిలేశాననుకున్నాడు గానీ, అది ఏ రోజూ ఆయన్ని వదల్లేదు. నాగేంద్రమ్మకి ఎప్పుడు నీరసంగా ఉన్నా ముందు ఆవిడ కళ్లు పచ్చబడ్డాయేమోనని దొంగచాటుగా చూసేవాడు. తెల్లగా ఉంటే ఊపిరి పీల్చుకుని కొట్టుకి వెళ్లేవాడు.

గోపీచంద్ లేచి అన్సార్‌తో, ఈయన రక్తం మళ్లీ తీయమని, ఈసారి పేరు సరిగ్గా అడగమని చెప్పాడు. గోపాలకృష్ణయ్య ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ చెప్పాడు. ఎవరూ అడక్కుండానే, పురుగుమందుల కొట్టని కూడా రాయించాడు. తిరుగు దారిలో గుంతల దగ్గర కారు నెమ్మదించలేదు.

మర్నాడు పొద్దున గోపాలకృష్ణయ్య ఇంటింటికీ తిరిగి పాత గిరాకీలని పేరుపేరునా హోటల్‌కి పిలుచుకొచ్చాడు. ఇడ్లీ తెప్పించుకుని, అందరి మధ్యా నిలబడి, ఆ రిపోర్టు తనదని చెప్పాడు. రెండు వాక్యాలే. మూడోది రాలేదు. కొందరు ప్లేటులోకి చూశారు, కొందరు ఆయన మెడకేసి చూశారు. సుధీర్ బాబు లేచి ఇంకో కప్పు సాంబారు అడిగాడు. గోపీచంద్ సాంబారు తెచ్చి పోశాడు గానీ గోపాలకృష్ణయ్య ముందున్న ఖాళీ గ్లాసు వైపు చూడలేదు.

అంతకు ముందు రాత్రే నాగేంద్రమ్మకి చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. ఎన్నేళ్లని మాత్రం అడిగింది. చెప్పాడు. వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, లేచి వెళ్లి గిన్నెలు తోముకుంది.

ఇద్దరూ కలిసి గుంటూరు వెళ్లారు. ఈసారి బస్సులో. డాక్టరు నీలిమ కొత్త రిపోర్టు చూసి, ఆ రోజే మాత్ర రాసింది. శనగ గింజంత తెల్ల మాత్ర, రోజుకొకటి. వైరస్ ఎంతుందో చూసుకుని, రెండు వారాల్లో కీమో మొదలుపెడదామంది. పన్నెండేళ్లు పరువు కోసం దాచింది ఈ గింజంత దానితో అణిగిపోయేదేనా అనుకుని ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత డాక్టరమ్మ నాగేంద్రమ్మ వైపు తిరిగింది. ఆవిడ అప్పటికే జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటోంది.

రిపోర్టు మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఫోనుకే వచ్చింది. ఎదురింటి ఇంటరు పిల్ల రుచితతో చదివించుకుంది. ఏమీ లేదు. అలా వస్తే టీకాలు వేయించుకుంటే చాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ సంగతి తెలిసి కూడా ఆవిడ ఫోను కొంగున ముడేసుకుని, అన్నం పెట్టింది, మాత్ర చేతికిచ్చింది, సాయంత్రం టీ ఇచ్చింది, మాట మాత్రం చెప్పలేదు. గోపాలకృష్ణయ్య అడగలేదు. అడిగే మొహం లేదు. కొట్టుకి వెళ్లకుండా వరండాలో కూర్చుని, ఆవిడ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ కళ్లకేసి చూశాడు.

మరునాటి సాయంత్రం దాకా ఆవిడ ఆయన్ని అలాగే కూర్చోనిచ్చింది.