వట్టికాళ్ల తాతకు చెప్పుల జత

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, జాలి ఎక్కువ. బరంపురంలో రోడ్లాఫీసులో గుమస్తాగా చేరి మూడు నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏ చిన్న తప్పుకైనా ఇంటికి పంపేస్తారని ఒకటే భయం. (తప్పులు మాత్రం నా భయాన్ని లెక్కచేసేవి కావు.) గిరిసోలలో బస్సు దిగి పొలంగట్ల మీద రెండు మైళ్లు నడిస్తే వచ్చే పల్లె నుంచి, రోడ్డు కావాలంటూ ఒక ముసలాయన నెలనెలా అర్జీ పట్టుకొచ్చేవాడు. అందరూ వట్టికాళ్ల తాత అనేవారు. ఎండైనా బురదైనా కాళ్లకు ఏమీ ఉండదు, మడమలు బీటలు వారిపోయాయి. పాపం, కొనుక్కోలేడు కాబోలనుకున్నాను. ఆయన అర్జీకి ‘పరిశీలనలో ఉన్నది’ అనే జవాబు ఇచ్చిరమ్మని ఆఫీసు నన్ను పంపిన రోజున, పెద్దబజారులో ఒక చెప్పుల జత కొని పట్టుకెళ్లాను.

అరుగు మీద కూర్చున్న తాత ముందు వాటిని పెట్టి, “తొడుక్కో తాతా” అన్నాను. ఆయన చెప్పుల్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“నిజిమేనా బాబూ? తొడిగీమంతారా?”

“తొడిగెయ్యి, నీకోసమే తెచ్చాను.”

తాత కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎవరో కేక వేశారు. డప్పు మోగింది, నా మెడలో బంతిపూల దండ పడింది, చేతిలోకి కొబ్బరిబొండం వచ్చింది. “ఏటలా సూస్తన్నారు బాబూ, కూకోండి!” అంటూ మంచం వాల్చారు. ఒక్క చెప్పుల జతకు ఇంత మర్యాదా! నాకేమీ అర్థం కాలేదు. ఆ హడావిడిలో జవాబు కాగితం జేబులోనే ఉండిపోయింది.

పది రోజులకు తాత ఆ చెప్పులతో కుంటుకుంటూ ఆఫీసుకొచ్చాడు. “మట్టి ఏసీసినాం బాబూ. ఇంక రాళ్లు తమరే ఎయ్యాల.”

“ఏ మట్టి?”

“రోడ్డు మట్టండి! ఊరికి రోడ్డొచ్చీదాకా సెప్పు తొడగనని పదేల్ల కితం అందరి ముందూ ఒట్టేసినాను. తమరే గదా తొడుక్కోమన్నారు? రోడ్డాఫీసు బాబు ఊరికినే అంతాడేటని ఊరంతా పలుగూ పారా అట్టుకుని దిగిపోనారు.”

ఉద్యోగం గోవిందా! తాతను వెంటబెట్టుకుని ఆఫీసరు దగ్గరకు వెళ్లి అంతా కక్కేశాను. “ఐతే రోడ్డు మంజూరవనేదా?” అని తాత మెల్లగా అడిగి, చెప్పులు అక్కడికక్కడే విప్పి చంకలో పెట్టుకున్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆఫీసరు మర్నాడు నన్ను తీసుకుని వెళ్లి ఆ మట్టిరోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. “కేమితి హేలా?” అంటూ ఇదెలా జరిగిందో తనలో తనే ఒడియాలో అడుక్కున్నాడు. రోడ్డుంది, ఫైలు లేదు. ఉన్న రోడ్డును లేదనడం ఎలాగో ఆయనకు తెలియలేదు. చివరికి ఆ లేని ఫైలును అర్జీ నుంచి మంజూరు దాకా నాచేతే రాయించాడు. రాళ్లు వచ్చాయి, నా ఉద్యోగం నిలబడింది. తాత మళ్లీ చెప్పులు తొడిగి, “కరుస్తన్నాయి బాబూ” అని నవ్వాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు అన్నీ తెలిసే ఎన్నో ఫైళ్లు రాశాను. చాలావరకు పరిశీలనలోనే ఉండిపోయాయి. నావల్ల పడిన రోడ్డంటూ ఉంటే, ఏం చేస్తున్నాడో తెలియని ఆనాటి గుమస్తా కుర్రాడు వేయించిందే. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.