నురగ తీసేసిన షాంపేన్

1968 ఫిబ్రవరి 18, ఆదివారం. మధ్యాహ్నం గెస్ట్ హౌస్‌లో భోజనానికి కూర్చున్నవారు ముగ్గురు: ఫ్యాక్టరీ మేనేజరు గారు, ఫ్రాన్స్ ఇంజనీరు మార్సెల్ గారు, నేను. వంటింట్లో రాజవ్వ. వడ్డనకు గంగారాం. మంచుగడ్డ అర దిమ్మ, నిజామాబాద్ నుంచి. సీసాలు నాలుగు.

ఆనాటి డైరీ మొదటి పేరా అక్షరాలా ఇది. నేను బోధన్ చుట్టుపక్కల ఒక చక్కెర ఫ్యాక్టరీ లేబొరేటరీలో కెమిస్టుగా పనిచేశాను. ఆ ఫ్యాక్టరీ పేరు రాయను. లెక్కగా, శుభ్రంగా ఉంటానని పేరు రావడంతో గెస్ట్ హౌస్ బాధ్యత కూడా నాకే అప్పగించారు. క్రషింగ్ సీజన్, అంటే చెరకు ఆడే నెలల్లో రుద్రూరు వైపు నుంచి వచ్చే బండ్లు గేటు బయట మైలు పొడవున నిలిచేవి. ఎద్దులు నెమరు వేస్తుంటే బండ్లవాళ్ళు రోడ్డు పక్కనే రొట్టెలు కాల్చుకునేవారు. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ మడ్డి వాసన మా బట్టలకే కాదు, నా డైరీ కాగితాలకు కూడా పట్టింది. ఇప్పుడు ఆ పుస్తకం తెరిస్తే వాసన లేదు, అక్షరాలున్నాయి.

మార్సెల్ గారు కొత్త ఎవాపరేటర్ బిగించడానికి వచ్చారు. చెరకు రసంలో నీటిని మరిగించి చిక్కబరిచే పెద్ద పాత్ర అది. యాభై దాటిన మనిషి, పొడగరి. వచ్చిన కొత్తలో డబ్బా తిండ్లు తిన్నారు. అవి అయిపోయాక రాజవ్వ వండినది తినడం మొదలుపెట్టి, పది నెలలు వేరే తిండి అడగలేదు.

రాజవ్వకు నలభై అయిదేళ్ళుంటాయి. భర్త మా మిల్లులోనే పనిచేసి జబ్బుచేసి పోయాడు. ఆమెను వంటకు పెట్టమని సిఫారసు చేసింది నేనే. అయితే అది టెంపరరీ ఉద్యోగం. మార్చి నుంచి వంటిల్లు సికింద్రాబాదు కాంట్రాక్టరుకు ఇవ్వాలా, రాజవ్వను పర్మనెంటు చేయాలా అన్న ఫైలు మేనేజరు గారి దగ్గర ఉంది. "ఆదివారం భోజనం సూసి చెప్త" అన్నారాయన. ఆ మాట నేను రాజవ్వకు చెప్పాను.

"గంతేనా సారు? అన్నం బాగుంటే ఉంచుతరు, లేకుంటే ఎల్లగొడ్తరు. మా అత్త గూడ గట్లనే అనేది" అని నవ్వింది. నవ్వింది కానీ ఆ వారమంతా సకినాల పిండి మూడుసార్లు మార్చింది.

ఎవాపరేటర్ ట్రయల్ నెగ్గితే తెరవాలని మార్సెల్ గారు ఒక చెక్కపెట్టెలో గడ్డి మధ్య నాలుగు సీసాలు దాచుకున్నారు. అన్నీ నురుగు వైన్లే. ఆయన యంత్రాలు బిగించిన దేశాలవి: జర్మనీది ఒకటి, స్పెయిన్‌ది ఒకటి, ఇటలీది ఒకటి. నాలుగోది ఆయన సొంత ఊరి షాంపేన్, అన్నగారు స్వయంగా చేసింది. మేనేజరు గారు కట్‌లెట్లు, సూపు చేయించాలన్నారు. మార్సెల్ గారు ఒప్పుకోలేదు. "ఇది పండగ తాగుడు కాదు. మా ఊళ్ళో వేపిన చేపతో, రొట్టెతో తాగుతాం. రాజవ్వ రోజూ ఏం వండుతుందో అదే కావాలి" అన్నారు తన ముక్కల ఇంగ్లీషులో.

ట్రయల్ శనివారం నెగ్గింది. ఆదివారం పొద్దున ఆయన మిల్లులోకి వెళ్తూ, "పన్నెండున్నరకు షాంపేన్ సిద్ధంగా ఉంచండి" అని నాతో చెప్పి వెళ్ళారు.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. రసంలో చక్కెర ఎంత ఉందో తెలుసుకోవడానికి బ్రిక్స్ అనే కొలత చూస్తాం. పొడవాటి గాజు జాడీలో రసం పోసి, అందులో తేలే గాజుగొట్టం మీది గీత చదువుతాం. రసంలో గాలి బుడగలుంటే ఆ గీత అబద్ధం చెబుతుంది. అందుకని ముందు నురగ తీసేసి, రసాన్ని కదలకుండా నిలబెట్టి, బుడగలన్నీ పోయాకే చదవాలి. పదకొండేళ్ళుగా రోజుకు ఇరవైసార్లు చేసిన పని అది. బుడగ కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

పన్నెండింటికి నేను వంటింట్లో షాంపేన్ సీసా బిరడా మీది తీగ విప్పాను. బిరడా ఎగిరి పైకప్పుకు తగిలింది. "ఓ బాపూ!" అని గంగారాం బల్ల కిందికి వంగాడు. ల్యాబు నుంచి తెచ్చిన శుభ్రమైన జాడీలో పోస్తే సగానికి పైగా నురగే.

"కల్లు లెక్కనే ఉన్నది సారు" అన్నాడు గంగారాం లేస్తూ. "నురగతోని పోస్తే దొర మోసమంటడు. మా కల్లు దుకాణంల గట్ల పోస్తే కొట్లాటలయితయి. దిగనియ్యుండ్రి."

నాకూ అదే సబబనిపించింది. ముగ్గురికీ సమానంగా రావాలి, మేనేజరు గారి ముందు పని ముచ్చటగా కనిపించాలి. గాజు కడ్డీతో మెల్లగా కలుపుతూ పైకి వచ్చిన నురగను చెంచాతో తీసేశాను.

పొయ్యి దగ్గర నుంచి రాజవ్వ చూస్తున్నది. "సారు, దొరను ఒక్కమాట అడుగరాదుండ్రి. గది గట్ల బుసబుస పొంగుతాంటే ఊకెనే పొంగుతదా?"

"నీకు తెల్వదు రాజవ్వా, ఇది ల్యాబు పని" అన్నాను.

పావుగంటలో ఒక్క బుడగ లేకుండా తేరింది. జాడీని మంచులో నిలబెట్టి, గాజు కడ్డీ పక్కనే పెట్టాను. అంత తేటగా ఏ శాంపిలూ నా చేతిలో తయారవలేదు.

మార్సెల్ గారు వచ్చారు, చేతులు కడుక్కున్నారు, జాడీని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. తర్వాత ఖాళీ సీసాను తీసుకుని దాని మీది కాగితాన్ని వేలితో తడిమారు.

"మా అన్న దీన్ని నేలమాళిగలో మూడేళ్ళు పడుకోబెట్టాడు" అన్నారు మెల్లగా. "బుడగ లోపలే పుట్టాలని. అడుగున మడ్డి మూతి దగ్గరికి చేరేదాకా రోజూ చేత్తో కొద్ది కొద్దిగా తిప్పాడు."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

మేనేజరు గారి ముఖం ఎర్రబడింది. "గిది వంటింట్లనే ఉండె గద?" అని తలుపు దగ్గర సకినాల పళ్ళెంతో నిలబడ్డ రాజవ్వ వైపు తిరిగారు. "నువ్వు ముట్టుకున్నవా?"

రాజవ్వ నా వైపు చూసింది. గంగారాం కూడా నా వైపే చూశాడు. నేను బల్ల మీది గుడ్డ అంచు సరిచేశాను.

"నేను పొయ్యి కాడ ఉన్న సారు" అంది రాజవ్వ.

"తెల్వని మనుషుల నడుమ పెడితే గిట్లనే అయితది" అన్నారు మేనేజరు గారు.

మార్సెల్ గారు చెయ్యి ఊపి ఆ మాట ఆపేశారు. మిగిలిన మూడు సీసాలు తన చేతికి తీసుకున్నారు. బిరడాను గుప్పిట్లో పట్టి, సీసాను తిప్పుతూ, చిన్న నిట్టూర్పంత చప్పుడుతో తెరిచారు. గ్లాసును వంచి అంచు వెంబడి పోశారు. అడుగు నుంచి సన్నని పూసల దండల్లా బుడగలు లేచాయి.

జర్మనీ సీసా సకినాలతో. ఉప్పు, నువ్వులు, నూనె నాలుక మీద ఉండగా ఒక గుక్క తాగితే నోరు కడిగినట్టయి, మళ్ళీ సకినం అడిగింది. కట్‌లెట్లు కావాలన్న మేనేజరు గారు ఆరు సకినాలు తిన్నారు. స్పెయిన్‌ది పులిసిన ఆపిల్ వాసన వేసింది, చక్కెర దాదాపు లేదు. అది నిజాంసాగర్ కాలువ చేప వేపుడుతో బాగుంది. జొన్నరొట్టె, నువ్వుల వంకాయ కూర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ బుడగలు కారాన్ని ఎగదోశాయి. మార్సెల్ గారి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"మంచినీళ్ళియ్యనా దొరా?" అన్నాడు గంగారాం.

"వద్దు, ఇటలీ ఇవ్వు" అన్నారాయన.

ఇటలీది తియ్యనిది, ద్రాక్షపండు కొరికినట్టుంది. చివర్లో వచ్చే పోలెల కోసం, అంటే బొబ్బట్ల కోసం దాచిన సీసా అది. వంకాయ కారం మీద ఒక గుక్క తాగగానే మంట చల్లబడి, నువ్వుల రుచి తేలింది. ఆయన బల్ల మీద చేత్తో కొట్టి, "రాజవ్వా! ఇంకొక రొట్టె!" అని అరిచారు. చివర పోలెలు అదే వైన్‌తో తిన్నాం. స్పెయిన్‌దాన్ని పోలెతో తాగి చూశాను, వట్టి నిమ్మరసంలా పుల్లగా తోచింది. తీపి తిండికి అంతకంటె తియ్యని వైనే ఉండాలని నా నాలుకే చెప్పింది. ఆఖరున ఆయన నా జాడీలోని తేట షాంపేన్ కూడా గ్లాసులో పోసుకుని పూర్తిగా తాగారు.

అంత ఆనందంగా నేను తిన్న భోజనాలు తక్కువ. అంత మింగుడుపడనిదీ ఇంకొకటి లేదు.

వరండాలో చెప్పులు తొడుక్కుంటూ మేనేజరు గారు అన్నారు: "వంటకు వంక లేదు. గని బయటి నుంచొచ్చిన మేమాన్ల వస్తువును ఖరాబు చేసే మనిషిని గెస్ట్ హౌస్‌ల ఉంచలేం. కాంట్రాక్టరుకే ఇద్దాం. పొద్దున ఆమెకు మీరే చెప్పుండ్రి."

"సరే సార్" అన్నాను.

సాయంత్రం డైరీ రాశాను. ఏ వైన్ ఏ తిండితో ఎలా ఉందో వరుసగా ఉంది, ఎన్ని సకినాలు మిగిలాయో కూడా ఉంది. షాంపేన్ దగ్గర మాత్రం "బుడగలు పోయినవి" అని రాసి వదిలేశాను. ఎవరి చేతిలో పోయాయో లేదు. ల్యాబు రిజిస్టరులో ఒక్క అంకె తప్పు రాసిన కుర్రవాడిని నేను నిలబెట్టి అడిగేవాణ్ణి. ఆ రాత్రి ఆ పంక్తి కింద నా పేరు రాశాను. రాసినంత మాత్రాన సరిపోదని అప్పుడే అర్థమైంది. డైరీని రాజవ్వ చదవలేదు, మేనేజరు గారు చదవరు.

మరునాడు ఆరున్నరకు, మొదటి సైరన్ కూసీ కూయకముందే మేనేజరు గారి బంగళా గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన చాయ్ కప్పుతో బయటికి వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నిన్న బల్ల కాడ నోరు లేకుండెనా నీకు?" అన్నారు. అంతవరకు నన్ను ఎప్పుడూ 'నువ్వు' అనలేదు. "మెమో ఇస్త. తీస్కో. ఆమె ఉండని. గని గీ ముచ్చట నాకు చెప్పుడు కాదు, ఆమె ముంగట చెప్పు."

వంటింటికి వెళ్ళేసరికి రాజవ్వ రోజూలాగే రొట్టెలు చేస్తున్నది. మార్సెల్ గారు పక్కన పీట మీద కూర్చుని చాయ్‌లో రొట్టె ముంచుకుంటున్నారు. గంగారాం గిన్నెలు తోముతున్నాడు. వాళ్ళ ముగ్గురి ముందూ, మార్సెల్ గారి కోసం ఇంగ్లీషులోనూ, షాంపేన్ పాడుచేసింది నేనేనని, ఉద్యోగం ఆమెకే ఉంటుందని చెప్పాను.

మార్సెల్ గారు తల ఊపారు. "గాజు కడ్డీతో కలిపారు కదా. వంటమనిషి ఎవరూ అలా కలపరు. నాకు నిన్ననే తెలుసు" అన్నారు.

రాజవ్వ రొట్టె తిప్పింది. "నాకు గూడ ఎరికే గద సారు, నా కండ్ల ముంగట్నే గాదా? ఇప్పుడు జెప్తరు, ఇగ జెప్తరని రాత్రంత సూసిన. దొర ముంగట మీ ఇజ్జత్ పోవద్దని నేను నోరిప్పలే. నా ఇజ్జత్ సంగతి మీకు యాదికి రాలే."

గడప దాటి లోపలికి అడుగు వేయబోయాను.

"ఆడనే ఆగుండ్రి" అంది. "నేనుంట, వంట జేస్త. గని ఇయ్యాల్టి సంది గీ కడప దాటి రావద్దు మీరు. ఏం గావాల్నన్నా అవుతల నుంచే అడుగుండ్రి."

గంగారాం చేతిలో గిన్నె ఆగింది. నేను వెనక్కి జరిగి గడప ఇవతల నిలబడ్డాను. ఆమె పెనం మీది రొట్టె తీసి, పళ్ళెంలో పెట్టి, చెయ్యి చాచి గడప మీదుగా నాకు అందించింది.

"తినుండ్రి, సల్లారుతది" అంది.